క్యాన్సర్ చికిత్సలో చర్మం: తెలుసుకోవలసిన నాలుగు మాటలు

(ఫైనల్ ఎమ్మెస్సీ, జువాలజీ)

క్యాన్సర్ అనే మాట వినగానే ఎవరికైనా ముందు ప్రాణభయం కలుగుతుంది. ఆ వెంటనే డబ్బు సంగతి జ్ఞాపకం వస్తుంది. ఆ తరువాత జుట్టు రాలిపోతుందట కదా అనే దిగులు. ఈ వరసలో చర్మానికి చోటు లేదు. "ప్రాణం దక్కితే చాలు, తోలుదేముంది" అంటారు మనవాళ్ళు. నేనూ అట్లాగే అనుకునేదాన్ని. 2023 వేసవి సెలవుల్లో మా మేనత్తకు తోడుగా నగరంలో ఒక ఆస్పత్రి దగ్గర ఆరు వారాలు ఉన్నాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఈ వ్యాసం రాయటానికి కారణం అదే.

మా అత్తయ్యది కృష్ణాజిల్లాలో ఒక పల్లెటూరు. ఎడమ రొమ్ముకు ఆపరేషన్ అయింది, కీమో అయింది, చివరికి కరెంటు పెట్టటం మొదలుపెట్టారు. రేడియేషన్ చికిత్సను మన ఊళ్ళల్లో "కరెంటు పెట్టటం" అనే అంటారు. వారానికి 5 రోజుల చొప్పున మొత్తం 25 రోజులు. మొదటి రెండు వారాలు ఏ ఇబ్బందీ లేదు. నాలుగో వారంలో ఒకనాటి రాత్రి ఆవిడ జాకెట్టు విప్పుకోవటానికి అవస్థ పడుతుంటే లైటు వేసి చూశాను. చంకలో చర్మం తడితడిగా లేచిపోయి జాకెట్టు గుడ్డకు అంటుకుపోయి ఉంది. దాని మీద పసుపూ వెన్నా కలిపి పట్టించి ఉంది.

"ఇదెన్నాళ్ళ నుంచి అత్తయ్యా?" అన్నాను.

"వారం అయిందిలేవే. చచ్చే జబ్బుకు వైద్యం చేస్తున్నారు. ఇంత తోలు లేచిందని వాళ్ళ ప్రాణం తియ్యమంటావా?"

"మరి రోజూ మిషను దగ్గర వాళ్ళు అడగటం లేదా?"

"బాగున్నారామ్మా అంటారు. బాగున్నానంటాను."

మర్నాడు డాక్టరుగారికి చూపించాం. పుండు మానేదాకా చికిత్స 6 రోజులు ఆపవలసి వచ్చింది. "వారం కిందట ఒక్క మాట చెప్పి ఉంటే ఈ 6 రోజులు పోయేవి కావు కదమ్మా" అన్నారాయన. ఆయన అత్తయ్యను ఉద్దేశించే అన్నారు గాని ఆ మాట నాకు తగిలింది. బి.యస్సీ. నుంచి కణవిభజన చదువుతున్నదాన్ని. చర్మంలో ఏ పొర కణాలు విభజన చెందుతాయో పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. పక్క మంచం మీద పడుకున్న మనిషి చర్మం ఏమవుతోందో చూడలేకపోయాను. అందుకని ఆ చదువునే మళ్ళీ మొదటి నుంచి, ఈసారి మా అత్తయ్య కోసం చదివాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

చర్మం ఎట్లా బతుకుతుంది?

పెద్దవాళ్ళ శరీరం మీద చర్మం దాదాపు 1.5 నుంచి 2 చదరపు మీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. దాని పై పొర చాలాచోట్ల మి.మీ.లో పదోవంతు మందం మాత్రమే, అంటే ఇంచుమించు ఒక కాగితం మందం. ఈ పొరలో అట్టడుగున ఉండే కణాలు నిరంతరం విభజన చెందుతూ ఉంటాయి. పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ, గట్టిపడి, చచ్చిపోయి, చివరికి పొట్టుగా రాలిపోతుంది. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. మనం నెలనెలా కొత్త చర్మం తొడుక్కుంటున్నామంటే తప్పు లేదు.

రేడియేషన్ గాని, చాలా రకాల కీమో మందులు గాని దెబ్బతీసేది ముఖ్యంగా విభజన చెందుతున్న కణాలనే. క్యాన్సర్ కణం ఆగకుండా విభజన చెందుతుంది కాబట్టి దానికి దెబ్బ తగులుతుంది. కాని చర్మపు అడుగు కణం, వెంట్రుక కుదురు, గోరు మొదలు, నోటి లోపలి పొర కూడా అదే పని చేస్తున్నాయి. వాటికీ దెబ్బ తప్పదు. చికిత్సలో చర్మం పాడవటం రోగి చేసుకున్న పాపం కాదు, డాక్టరు పొరపాటూ కాదు. చికిత్స పనిచేసే తీరులోనే ఆ చిక్కు ఉంది.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. కరెంటు పెట్టిన మొదటి రోజున చర్మానికి ఏమీ అయినట్టు కనిపించదు. రేషను షాపులో అరల మీద సరుకు ఉంది గాని వెనక గోడౌను ఖాళీ అయిందనుకోండి. సరుకు అయిపోయేదాకా వచ్చినవాళ్ళకు లోటు తెలియదు. చర్మం సంగతీ అంతే. పై కణాలు మామూలుగా రాలిపోతుంటాయి, కింద నుంచి రావలసినవి రావు. లోటు రెండు మూడు వారాలకు బయటపడుతుంది. అట్లాగే చికిత్స అయిపోయిన రోజున గోడౌను ఒక్కసారిగా నిండదు. కాబట్టి చివరి కరెంటు తరువాత ఒకటి రెండు వారాల దాకా చర్మం ఇంకా పాడవుతూనే ఉంటుంది. ఆ తరువాత రెండు నుంచి నాలుగు వారాల్లో సాధారణంగా మానుతుంది. ఈ సంగతి ముందే తెలియకపోతే, "అయిపోయిందన్నారు, ఇప్పుడు ఇంకా ఎక్కువైందేమిటి?" అని ఇంట్లోవాళ్ళు హడలిపోతారు.

కిరణాలూ చర్మమూ: కొంచెం చరిత్ర

ఎక్స్ కిరణాలను రాంట్‌జెన్ 1895 నవంబరులో కనుగొన్నాడు. కొద్ది నెలల్లోనే వాటితో పనిచేసేవాళ్ళ చేతులు కాలిపోవటం మొదలైంది. ఎడిసన్ ప్రయోగశాలలో ఎక్స్ కిరణాల పని చేసిన క్లారెన్స్ డాలీ చేతులకు పుండ్లు పడి, క్యాన్సర్ అయి, 1904లో చనిపోయాడు. 1901లో బెకరెల్ రేడియం గొట్టాన్ని కోటు జేబులో పెట్టుకు తిరిగితే దాని కింద చర్మం కాలింది. పియరీ క్యూరీ కావాలనే తన చేతికి రేడియం కట్టుకుని ఏమవుతుందో చూశాడు. చర్మాన్ని కాల్చే శక్తి రోగకణాన్నీ కాల్చగలదు కదా అనే ఆలోచన అక్కడి నుంచే బలపడింది. విచిత్రమేమిటంటే, 1928లో రాంట్‌జెన్ ప్రమాణం అంతర్జాతీయంగా స్థిరపడే వరకు డాక్టర్లు మోతాదును చర్మాన్ని చూసే కొలిచేవారు. చర్మం ఎర్రబడితే అది ఒక మోతాదు.

ఆనాటి తక్కువ శక్తి యంత్రాల్లో ఎక్కువ దెబ్బ చర్మానికే తగిలేది. 1951లో కెనడాలో కోబాల్టు యంత్రాలతో చికిత్స మొదలయ్యాక పరిస్థితి మారింది. శక్తి ఎక్కువైన కిరణం తన బలాన్ని చర్మం మీద కాక కొంచెం లోపల చూపిస్తుంది. కోబాల్టుకు అది చర్మం నుంచి అర సెంటీమీటరు లోతు. ఇప్పుడు ఎక్కువగా వాడే లీనియర్ యాక్సిలరేటరులో 6 మెగావోల్టుల కిరణానికి సుమారు ఒకటిన్నర సెంటీమీటరు.

మరి ఇంకా చర్మం ఎందుకు పాడవుతుంది? కొన్నిచోట్ల జబ్బు చర్మానికి దగ్గరలోనే ఉంటుంది కాబట్టి అక్కడ మోతాదు అందవలసిందే. రెండోది, చర్మం మడతపడే చోట ఒక మడత ఇంకో మడతకు కప్పుగా పనిచేసి కిరణపు బలాన్ని పైకే రప్పిస్తుంది. చంక, రొమ్ము కింద, మెడ మడత, గజ్జల్లో ముందు పుండు పడేది అందుకే. పైగా అక్కడ చెమట, రాపిడి కూడా ఉంటాయి. మా అత్తయ్యకు చంకలోనే ఎందుకు లేచిందో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు చాలాచోట్ల రొమ్ము క్యాన్సరుకు 25 రోజుల 50 గ్రే బదులు 15 రోజుల్లో 40 గ్రే ఇచ్చే పద్ధతి వచ్చింది. దీనిలో చర్మపు బాధ కూడా తక్కువగా ఉన్నట్టు తేలింది. తల, మెడ క్యాన్సర్లకు మాత్రం 33 నుంచి 35 రోజుల్లో 66 నుంచి 70 గ్రే దాకా పడుతుంది.

మన రంగు చర్మం మీద గుర్తులు

పుస్తకాల్లో మొదటి గుర్తు "చర్మం ఎర్రబడుట" అని ఉంటుంది. ఆ పుస్తకాలు ఎక్కువగా తెల్లవాళ్ళ చర్మాన్ని చూసి రాసినవి. మన చామనచాయ, నలుపు చర్మాల మీద ఎరుపు అంతగా కనిపించదు. ఎర్రబడలేదు కదా, బాగానే ఉందనుకుంటే మోసపోతాం. మన దగ్గర చూడవలసిన గుర్తులు ఇవి: ఆ చోటు చుట్టుపక్కల కంటే నల్లబడటం, ముట్టుకుంటే వెచ్చగా ఉండటం, బిగుసుకున్నట్టు లాగటం, దురద. ఇవి సాధారణంగా రెండో వారం నుంచి నాలుగో వారంలోపల మొదలవుతాయి. తరువాత పొడిపొడిగా పొట్టు లేస్తుంది. కొందరిలో అంతటితో ఆగుతుంది. కొందరిలో పొట్టు కింద కొత్త చర్మం లేక తడి లేచి, రసి కారుతుంది. ఈ మూడో దశ రాకుండా చూసుకోవటమే, వస్తే ఆ రోజే చెప్పటమే మన పని.

అసలు అంత తొందరేమిటి అంటారేమో. పుండు ఎక్కువైతే చికిత్స ఆపాలి. ఆపినన్నాళ్ళూ మిగిలిన క్యాన్సర్ కణాలు ఊరుకోవు, తిరిగి పెరుగుతాయి. తల, మెడ క్యాన్సర్లలో ఆలస్యమైన ఒక్కొక్క రోజుకు జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుందని లెక్క కట్టారు. కనుక "ఇంత తోలు" సంగతి తోలుతో పోయేది కాదు. అది వైద్యం సక్రమంగా పూర్తికావటానికి సంబంధించిన సంగతి.

కరెంటు పెట్టే రోజుల్లో ఏం చెయ్యాలి?

స్నానం: నీళ్ళు తగలకూడదని వెనకట చెప్పేవారు. ఇప్పుడు అట్లా చెప్పటం లేదు. గోరువెచ్చని నీళ్ళతో, వాసన లేని తేలికపాటి సబ్బుతో రోజూ కడుక్కోవచ్చు. కాగులో మరిగిన నీళ్ళు, సున్నిపిండి, పీచు, ఒళ్ళు రుద్దే రాయి మాత్రం పనికిరావు. తుండుగుడ్డతో తుడవకుండా మెత్తటి పాత నూలుగుడ్డతో అద్దుకోవాలి. మిషను గురి కోసం ఒంటి మీద గీసిన గీతలుంటాయి. అవి చెరిగితే మళ్ళీ మనం గీసుకోకూడదు, వాళ్ళకే చెప్పాలి. తలకు కరెంటు పెడుతుంటే కుంకుడు రసం, సీకాయ వాడకూడదు.

పూత: వాసన, రంగు లేని మామూలు మాయిశ్చరైజరు మొదటి రోజు నుంచే రోజుకు రెండుసార్లు పల్చగా రాసుకోవటం మంచిది. మిషను మీద పడుకోబోయే ముందు మాత్రం మందంగా పట్టించకూడదు. కొన్ని సందర్భాల్లో డాక్టర్లు మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ క్రీము రాస్తారు. రొమ్ముకు కరెంటు పెట్టేటప్పుడు ఇది చర్మపు మంటను తగ్గిస్తుందని పరిశోధనలు ఉన్నాయి. అయితే అది డాక్టరు చీటీ మీద, చెప్పినన్నాళ్ళే. స్టెరాయిడ్ క్రీములను మందుల షాపులో అడిగి తెచ్చుకుని ముఖానికి పూసుకునే అలవాటు మన కాలేజీ హాస్టళ్ళలో కూడా ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తోంది.

పసుపు: పసుపు మీద నాకు ద్వేషం లేదు. కాని డబ్బాలో పసుపు సూక్ష్మజీవులు లేని పదార్థం కాదు. లేచిన చర్మం మీద వేస్తే అట్టకడుతుంది, అట్ట కింద చీము పట్టినా కనిపించదు, చర్మం రంగు ఎట్లా మారుతోందో డాక్టరుకు తెలియదు. వెన్న, నెయ్యి, ఆకు పసర్లు, టాల్కం పౌడరు, టూత్‌పేస్టు అన్నిటికీ ఇదే మాట. కలబంద చాలామంది వాడతారు గాని, రేడియేషన్ వల్ల కలిగే చర్మబాధను అది ఆపుతుందని పరిశోధనల్లో నిలకడగా తేలలేదు.

వేడి, చలవ: ఆ చోట కాపడం పెట్టకూడదు, నొప్పి బామ్ రాయకూడదు. మంటగా ఉందని ఐసు ముక్క నేరుగా పెట్టటమూ తప్పే. అక్కడ అంటించుకునే ప్లాస్టర్లు వద్దు, తీసేటప్పుడు చర్మాన్ని లాక్కువస్తాయి.

బట్టలు: జాకెట్టు చంక కుట్టు, బ్రా పట్టీ, లంగా బొందు, చొక్కా కాలరు, ఇవే రాపిడికి మూలం. కరెంటు రోజుల్లో వదులైన నూలు జాకెట్టు, వీలైతే కుట్టు బయటకు వచ్చేటట్టు తిరగేసి తొడుక్కోవటం మేలు. మగవాళ్ళకు మెడకు కరెంటు పెడుతుంటే బ్లేడుతో గడ్డం గీసుకోవద్దు, తప్పనిసరైతే కరెంటు రేజరు వాడాలి.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. మెడ కింద కరెంటు పెట్టేటప్పుడు పుస్తెలతాడు రాసుకుని చర్మం లేస్తుంది. తియ్యమంటే మన ఆడవాళ్ళకు ప్రాణం ఒప్పదు. మా అత్తయ్యా ఒప్పుకోలేదు. బంగారు తాడు తీసి పసుపుతాడు వేసుకుంటానంది గాని పసుపుతాడు గొలుసు కంటే గరుకు. చివరికి మా మామయ్యే, "నేను ఇక్కడే ఉన్నానుగా, నా దగ్గర పెట్టుకుంటా ఇటియ్యి" అని అడిగి తీసుకుని, చికిత్స అయ్యేదాకా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఈ పని నర్సు చెప్తే జరగలేదు, నేను చెప్తే జరగలేదు. ఇంట్లోవాళ్ళు చెయ్యవలసినవి కొన్ని ఉంటాయి.

మందుల వల్ల చర్మానికి వచ్చేవి

కీమోథెరపీ పుట్టుకకూ చర్మానికీ సంబంధం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ఒళ్ళు బొబ్బలెక్కించిన మస్టర్డ్ గ్యాసుకు దగ్గరి చుట్టమైన నైట్రోజన్ మస్టర్డును 1942లో అమెరికాలోని యేల్‌లో గుడ్‌మన్, గిల్‌మన్ అనే శాస్త్రజ్ఞులు క్యాన్సర్ రోగి మీద ప్రయోగించారు. తరువాతి పెద్ద అడుగులో మన తెలుగువాడి చెయ్యి ఉంది. రాంట్‌జెన్ కిరణాలు కనుగొన్న 1895లోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందులు తయారుచేయించారు. అందులో అమినోప్టెరిన్‌ను పిల్లల ల్యుకేమియాకు వాడి సిడ్నీ ఫార్బర్ 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేటును ఇప్పటికీ ల్యుకేమియాకూ వాడుతున్నారు, సోరియాసిస్ అనే చర్మవ్యాధికీ వాడుతున్నారు. చర్మకణాల విభజన మీద ఈ మందులకు ఎంత పట్టు ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అరచేతులు, అరికాళ్ళు: కేపసిటబిన్ వంటి మాత్రలతో అరచేతులూ అరికాళ్ళూ మండి, వాచి, పొట్టు లేస్తాయి. అంట్లు తోమటం, వేడి గిన్నెలు పట్టుకోవటం, బట్టలు పిండటం, ఎక్కువదూరం నడక తగ్గించాలి. యూరియా కలిసిన క్రీము ఉపయోగపడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 264 మంది మీద చేసి 2024లో ప్రచురించిన ఒక పరిశోధనలో, చేతులకు డైక్లోఫెనాక్ జెల్ రాసుకున్నవాళ్ళలో ఈ బాధ చెప్పుకోదగ్గ స్థాయిలో వచ్చినవాళ్ళు 3.8 శాతం, మందు లేని జెల్ రాసుకున్నవాళ్ళలో 15 శాతం. మామూలు నొప్పి జెల్ ఇంత పని చెయ్యటం సంతోషమే గాని, ఇదీ డాక్టరును అడిగి వాడవలసిందే.

మొటిమల్లాంటి పొక్కులు: ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఇచ్చే జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు, సెటుక్సిమాబ్ ఇంజెక్షను వాడేవారికి మొదటి రెండు మూడు వారాల్లో ముఖం మీద, ఛాతీ మీద పొక్కులు వస్తాయి. ఇవి మొటిమలు కావు, అంటుకునేవి కావు. మొటిమల క్రీము రాస్తే చర్మం ఇంకా ఎండి మండుతుంది. వీటికి డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు, క్రీములు ఉన్నాయి. "మందు పడలేదు" అని సొంతంగా మాత్ర మానెయ్యటం అన్నిటికంటే ప్రమాదం.

సెలైను ఎక్కే చోట మంట: కొన్ని కీమో మందులు నరంలో నుంచి బయటికి కారితే చుట్టూ ఉన్న కండను తినేస్తాయి. డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్ అటువంటివి. సూది ఉన్న చోట మంట, నొప్పి, వాపు అనిపిస్తే బాటిలు అయ్యేదాకా ఓర్చుకోకూడదు. వెంటనే నర్సును పిలవాలి. ఈ ఒక్కదానిలో ఓర్పు మంచిది కాదు.

అక్కి: చికిత్సలో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఒంటికి ఒకపక్కనే పట్టీలాగా మంటతో పొక్కులు లేచే అక్కి రావచ్చు. ఊళ్ళో అయితే కావితో అక్కి రాయిస్తారు. రాయించుకుంటే రాయించుకోండి గాని, ఆ రోజే డాక్టరుకు కూడా చూపించండి. దీనికి మందు పొక్కులు లేచిన 3 రోజుల్లోపల మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

ఇంకొకటి. కరెంటు పెట్టిన చోటు మానిపోయిన తరువాత, కొన్నాళ్ళకు ఏదైనా కీమో మందు ఎక్కిస్తే సరిగ్గా ఆ చోటే మళ్ళీ కందిపోవచ్చు. చర్మానికి జ్ఞాపకశక్తి ఉందా అనిపిస్తుంది. అరుదే గాని అట్లా జరిగితే డాక్టరుకు చెప్పాలి.

చికిత్స అయిపోయాక

కరెంటు తగిలిన చర్మం పైకి మామూలుగా కనిపించినా లోపల పూర్తిగా మునుపటిది కాదు. నలుపు నెలలతరబడి ఉండవచ్చు. కొందరికి నెలలు, సంవత్సరాలు గడిచాక అక్కడ చర్మం గట్టిపడుతుంది, సన్నటి ఎర్రటి నరాలు తేలతాయి. ఎండ దానికి శత్రువు. బయటకు వెళ్ళేటప్పుడు గొడుగో, నూలు దుప్పటాయో కప్పుకోవాలి. కప్పలేని చోట ఎస్.పి.ఎఫ్. 30 గాని అంతకు పైది గాని సన్‌స్క్రీన్ రాసుకోవాలి. ఇది ఆ వేసవికి మాత్రమే కాదు, ఆజన్మాంతం.

చంకలో గ్రంథులు తీసేసినవారికి ఆ చెయ్యి వాచే అవకాశం ఉంది. ఆ చేతి చర్మానికి చిన్న గాయమైనా సూక్ష్మజీవులు సులువుగా పాకుతాయి. వంటింట్లో తాలింపు చిటపటలు, కత్తిపీట, తోటపనిలో ముళ్ళు, చీమకాట్లు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. దెబ్బ తగిలితే వెంటనే సబ్బునీళ్ళతో కడిగి శుభ్రమైన కట్టు కట్టాలి. చెయ్యి వేడెక్కి, కంది, జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు.

వెంటనే వెళ్ళవలసిన సందర్భాలు

కింది వాటిలో ఏది కనిపించినా రేపు చూద్దాంలే అనుకోకుండా చికిత్స చేస్తున్న ఆస్పత్రికి ఫోను చెయ్యాలి, లేదా వెళ్ళాలి:

1. కీమో రోజుల్లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గాని, అంతకు పైన గాని జ్వరం.
2. చర్మం తడిగా లేచిపోవటం, చీము, దుర్వాసన.
3. ఒళ్ళంతా దద్దుర్లతోపాటు నోట్లో పుండ్లు, కళ్ళు మండటం, చర్మం పొరలుగా ఊడటం.
4. సూది గుచ్చిన చోట మంట, వాపు, నల్లబడటం.
5. ఆపరేషన్ జరిగిన వైపు చెయ్యిగాని కాలుగాని ఉన్నట్టుండి వాచి కందిపోవటం.

చివరిమాట

మా అత్తయ్యకు ఆ 6 రోజుల తరువాత మిగిలిన కరెంట్లన్నీ పెట్టారు. చివరి రోజు అయ్యాక పది రోజులకు చర్మం మళ్ళీ కొంచెం ఎక్కువైంది. ఈసారి ఎవరం కంగారు పడలేదు, ముందే తెలుసు గనుక. నెల తిరిగేసరికి మానింది. చంకలో నల్లటి మచ్చ మిగిలింది. ఊళ్ళో ఎవరైనా కరెంటు పెట్టించుకోవటానికి వెళ్తున్నారంటే ఇప్పుడు ఆవిడే వాళ్ళింటికి వెళ్ళి, "బాగున్నావా అని అడిగితే బాగున్నానని చెప్పకు. జాకెట్టు తీసి చూపించు" అని చెప్పివస్తోంది. నేను ఇన్ని పేజీల్లో రాసింది ఆవిడ ఒక్క మాటలో చెప్తుంది.

మిత్రులారా, మనలో చాలామంది ఇంటికి చదువుకున్న మొదటి తరం. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఆస్పత్రికి తోడు వెళ్ళేది, ఫారాలు నింపేది, డాక్టరుగారి ఇంగ్లీషు మాటలు అమ్మకూ అత్తకూ తెలుగులో చెప్పేది మనమే. ఆ పనితోపాటు ఇంకొక్కటి కూడా చెయ్యండి. రోజూ ఒకసారి, మొహమాటం లేకుండా, వాళ్ళ ఒళ్ళు చూడండి. చంక, మెడ మడత, అరికాళ్ళు చూడండి. ఏం కనిపించినా మర్నాడు మీరే నోరు విప్పి చెప్పండి. రోగి ఓర్చుకుంటుంది. ఓర్చుకోవటం మన పెద్దవాళ్ళకు అలవాటు. చెప్పటం మన వంతు.